నలభై ఒకటో నంబరు శ్మశానం

నాలుగో సెక్టారు, ఇల్లు నం. 41,
ఆత్మకూరు మండలం,
10 జూన్ 1996

కామయ్యన్నకు, తోడబుట్టకపోయినా చెల్లెలైన రెబెకమ్మ వందనాలు.

నేను బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉన్నావని ఉదయగిరి బస్సు కండక్టరు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన పోయి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో నీ దగ్గర నుంచి వచ్చినవి రెండే కార్డులు, ఒకటి సంతాపం, ఒకటి మీ మనవడి పెళ్ళి. సరే, దెప్పడానికి కాదు ఈ ఉత్తరం.

మన సెక్టారును గవర్నమెంటు వాళ్ళు రక్షించారు. దేని నుంచి అని అడక్కు, మా నుంచే. హైదరాబాదు వారసత్వ కట్టడాల కమిటీ తరఫున రాజమోహన్ అనే ఆఫీసరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మెడలో కెమెరా, ఎంతో మర్యాదస్తుడు. ఇరవై రెండు సెక్టార్ల మహానగరం కడతామని పటం గీసి, ఒకటీ రెండూ మూడూ లేకుండా నాలుగోది మాత్రం కట్టి వదిలేసిన ఊరు దేశంలో ఇదొక్కటేనట. నాలుగు రోడ్ల మధ్య గుండ్రంగా కట్టిన మన రౌండు ఠాణా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ముప్పై మూడేళ్ళలో దాని చుట్టూ అంత పద్ధతిగా తిరిగినవి సర్పంచి అంకారావు గేదెలు తప్ప ఇంకేవీ లేవు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇది ఆధునిక నగర వారసత్వం అమ్మా, మీరు ఇందులో బతుకుతున్నారు" అన్నాడు. "ఏం చేసేది నాయనా, వేరే చోటు లేకపాయె" అన్నాను.

మన ఇళ్ళకు తూర్పు వైపు అంతంత సన్‌షేడ్లు పెట్టి, పడమటి వైపు బోడిగా వదిలేయడం చూసి మురిసిపోయాడు. ఏ ఇంజనీరూ చేయని సాహసమట. ఆ సాహసం వల్ల పొద్దున పూట ఇంట్లో చీకటి, మధ్యాహ్నం మూడు దాటితే కొలిమి అని చెబితే, అది కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్డరు వచ్చింది. 1963 నాటి అసలు పటంలో ఎలా ఉందో ఊరు అలాగే ఉండాలి, పటానికి విరుద్ధంగా ఎక్కడా గుంత తవ్వకూడదు, గోడ లేపకూడదు. ఆ పటం పెద్దది చేసి పంచాయితీ ఆఫీసులో గోడకు కొట్టారు. వెళ్ళి చూశాను. అందులో నా ఇల్లున్న చోట శ్మశానం ఉంది. శ్మశానం ఉన్న చోట నలభై ఒకటో నంబరు ఇల్లు ఉంది.

ఆ రోజుల్లో పనికి మేస్త్రీవి నువ్వు. టైంకీపరు మా ఆయన. చెయిను పట్టి కొలిచింది మీరిద్దరే. ఇదెట్లా జరిగిందో నాకు రాయి. వేళాకోళం కాదన్నా. నా బిడ్డ కరుణ ఆ శ్మశానంలోనే ఉంది, ఆయనా అక్కడే ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టే చోటు అట్టిపెట్టించుకున్నాను. అది నాది. అక్కడ గుంత తవ్వకూడదని ఎవరో అంటే ఊరుకోను.

నీ చెల్లెలు,
రెబెకమ్మ


ఉదయగిరి,
2 జులై 1996

చెల్లెలు రెబెకమ్మకు కామయ్య రాసేది.

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు లేవు. కొండ మీద మేఘం వచ్చి కూర్చుంటుంది, కురవకుండా లేచి పోతుంది. నా మోకాళ్ళు సరే, మెట్లు చూస్తేనే నొప్పి. మీ వదిన కులాసా.

పటం సంగతి అడిగావు. ముప్పై మూడేళ్ళ నాటి మాట, ఏం గుర్తుంటుంది? బొంబాయి ఇంజనీరు ఇచ్చాడు, మేం కట్టాం. పటాల్లో తప్పులు మామూలే. గోడ మీద ఉన్న కాగితం చూసి నువ్వు బెంగ పెట్టుకోవద్దు. ఆ ఆఫీసరు నాలుగు రోజులు తిరిగి పోతాడు.

మా ఊరి కొయ్య గరిటెలు ఆరు బస్సులో పంపుతున్నాను. నర్ది కొయ్యవి, పులుసులో పెట్టినా పాడుకావు.

ఇట్లు,
కామయ్య


నాలుగో సెక్టారు, శ్మశానవాటిక (పాత ఇల్లు నం. 41),
ఆత్మకూరు మండలం,
19 ఆగస్టు 1996

కామయ్యన్నకు,

పైన చిరునామా చూసి కంగారుపడకు. పోస్టుమాను ఇలా రాయమన్నాడు. పోయిన వారం మా ఇంటి ముందు ఇనప బోర్డు పాతారు. 'శ్మశానవాటిక. రక్షిత స్థలం. నివాసము నిషిద్ధము.' బోర్డు కింద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఇంట్లో ఎండ భరించలేక. రేషను డీలరు నా కార్డు అటూ ఇటూ తిప్పి, "టీచరమ్మా, శ్మశానానికి బియ్యం ఇయ్యమని మాకు రూలు లేదే" అన్నాడు. వాడు మూడో తరగతిలో నా దగ్గర గుంజీలు తీసినవాడు. మళ్ళీ తీయిస్తానంటే ఇచ్చాడు.

అది నవ్వుకునే సంగతి. ఇది కాదు. శ్మశానంలో ఉన్న ముప్పై ఒక్క సమాధులకూ నోటీసులు అంటించారు. పటం ప్రకారం అది ఇళ్ళ స్థలం కాబట్టి, అక్కడున్నవాళ్ళంతా ఆక్రమణదారులు. మా ఆయన రాతి మీద అంటించింది మాట పొల్లుపోకుండా రాస్తున్నాను: 'ఆక్రమణదారుడు శ్రీ దయాసాగర్ గారికి. ఈ నోటీసు అందిన ముప్పై రోజులలోగా స్థలము ఖాళీ చేయవలెను. అభ్యంతరములున్నచో స్వయముగా గానీ, అధీకృత ప్రతినిధి ద్వారా గానీ హాజరై తెలుపుకొనవలెను.'

బతికుండగా ఆ మనిషి ఎవరి జాగాలోకీ అడుగు పెట్టి ఎరగడు. కరుణ రాతి మీద కూడా అంటించారు. ఏడు నెలల బిడ్డను కుమారి అని రాశారు. దాన్ని అలా ఎవరూ పిలవలేదు ఇంతవరకూ.

రాజమోహన్‌ను నిలదీశాను. పాపం, ఆ అబ్బాయి కూడా నలిగిపోతున్నాడు. "నాకు మీ బాధ అర్థమవుతోంది మేడం, కానీ పటమే మాకు చట్టం. ఊరు పటానికి విరుద్ధంగా ఉంటే ఊరే తప్పు" అన్నాడు. ఆ మాట అని టీ కూడా తాగకుండా వెళ్ళాడు.

అన్నా, గరిటెలు బాగున్నాయి. నేను అడిగింది గరిటెలు కాదు. కొండ మీద మేఘం సంగతి కాదు. నీకు గుర్తు లేదంటే నమ్మడానికి నేను రాజమోహన్‌ను కాను. రౌండు ఠాణా పునాదికి ఎన్ని బండ్ల రాయి పోయిందో ఇప్పటికీ దారిన పోయే అందరికీ చెబుతావట, ఆ బస్సు కండక్టరే అన్నాడు. ఊరంతా తలకిందులుగా ఎలా లేచిందో మాత్రం మరిచావా?

రెబెకమ్మ


ఉదయగిరి,
9 సెప్టెంబరు 1996

రెబెకమ్మకు,

నోటీసుల సంగతి చదివాను. దయాసాగర్‌కి నోటీసా! వాడి పేరున జవాబు నువ్వే ఇచ్చుకో, భార్యవి కాబట్టి ప్రతినిధివి అవుతావు. గడువు పెంచమని అడుగు. ఆఫీసుల్లో గడువు పెంచమంటే పెంచుతారు, అదొక్కటే వాళ్ళు చేసేది.

నీ చోటు సంగతి. వరికుంటపాడులో మీ పుట్టింటివాళ్ళ శ్మశానం ఉంది కదా. జలదంకిలో మీ అబ్బాయి సురేంద్రబాబు ఉన్నాడు, అక్కడ చర్చి ఉంది, స్థలం ఉంది. ఎక్కడైనా మట్టి మట్టే కదమ్మా. కోప్పడవద్దు.

గరిటెలు ఇంకో నాలుగు పంపుతున్నాను.

కామయ్య


నాలుగో సెక్టారు, శ్మశానవాటిక,
28 అక్టోబరు 1996

కామయ్యన్నకు,

మట్టి మట్టేనట. ఇంకెవరైనా ఆ మాట అనుంటే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. నీ గరిటెలు పదీ అంకారావు కోడలికి ఇచ్చేశాను.

మా ఆయన తరఫున హియరింగుకు హాజరయ్యాను. పంచాయితీ ఆఫీసులో బల్ల వేశారు. గుమాస్తా "దయాసాగర్" అని మూడుసార్లు పిలిచాడు, కోర్టులో లాగ. బయట ఎవరూ పలకలేదు. నాకు ఒక్క క్షణం, పలుకుతాడేమో అనిపించింది. నిజం చెబుతున్నాను, తల తిప్పి గుమ్మం వైపు చూశాను.

గడువు పెంచారు. నేను ఇంకో అర్జీ పెట్టాను, నేను పోయాక ఆయన పక్కన, నా బిడ్డ పక్కన పూడ్చడానికి అనుమతి ఇమ్మని. మొన్న జవాబు వచ్చింది. నివాస స్థలంలో ఖననం నిషిద్ధం కాబట్టి అర్జీ తిరస్కరించారు. కింద ఇంకో వాక్యం ఉంది: 'అయితే అర్జీదారు ప్రస్తుతం నివసించుచున్న ప్రదేశము పటం ప్రకారం శ్మశానవాటిక అయినందున, వారిని అక్కడ ఖననము చేయుటకు కమిటీకి ఎట్టి అభ్యంతరము లేదు.' అంటే నా వంటింట్లో నన్ను పూడ్చుకోవచ్చు. పొయ్యి పక్కన బాగుంటుందా, నీళ్ళ తొట్టి పక్కనా అని అంకారావు నిజంగానే అడిగాడు. వాడి వెటకారం కాదు, పాపం, సాయం చేద్దామనే.

నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

నీకు తెలిసిన కథే అయినా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నువ్వు వరికుంటపాడు అన్నావు. మీ కూలీల గుడిసెల పక్క గుడిసెలో మేముండగా బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. వాగు పొంగి ఆత్మకూరు దారి తెగిపోయింది. డాక్టరు లేడు, పాస్టరు లేడు. ఆయన ఒక్కడే గోతాము కప్పుకుని వానలో బిడ్డను తీసుకుపోయి ఊరు కట్టబోయే బీట్లో పూడ్చి వచ్చాడు. మూడు రాళ్ళు పెట్టాడు. ఆ తర్వాత నేను చర్చికి వెళ్ళడం మానేశాను. బైబిలు ట్రంకు పెట్టెలో వేశాను. ఆ రాళ్ళ మీద రేపెవరి ఇల్లో లేస్తుంది, ఎవరో పొయ్యి వెలిగిస్తారు అని రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు.

ఒకరోజు ఆయన వచ్చి, "రెబెకా, ఊరికి ముగ్గు పోసినారు. శ్మశానం బిడ్డ ఉన్న చోటుకే వచ్చినాది" అన్నాడు. నేను నమ్మలేదు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. నువ్వు సున్నపు బొక్కెనతో అక్కడే నిలబడి ఉన్నావు. సున్నం గీత ఆ మూడు రాళ్ళ చుట్టూ వచ్చింది. అంత పెద్ద బీడులో, ఎక్కడో బొంబాయిలో కూర్చున్న మనిషి గీసిన గీత నా బిడ్డ చుట్టూ వచ్చి ఆగింది. దేవుడు నన్ను మరిచిపోలేదు అనుకున్నాను. ఆ ఆదివారమే చర్చికి వెళ్ళాను. అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. నా బతుకంతా ఆ గీత మీద నిలబడింది అన్నా. దాన్ని వదిలి జలదంకి పొమ్మంటే ఎట్లా పోను?

ఇంకో మాట. నీకు చెప్పకూడదనుకున్నాను. నెల్లూరులో పెద్ద డాక్టరు గుండె ఫోటో తీశాడు. వచ్చే ఎండాకాలం చూడవచ్చు, చూడకపోవచ్చు అన్నాడు. సురేంద్రకు కూడా చెప్పలేదు. అందుకే తొందర. అర్జీలూ గడువులూ చూస్తూ కూర్చునే వ్యవధి నాకు లేదు.

రెబెకమ్మ


ఉదయగిరి,
11 నవంబరు 1996

అమ్మా రెబెకమ్మా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మంచం దిగలేదు. మీ వదిన ఒళ్ళు పట్టి చూసింది, జ్వరమేమో అని.

ఈ కవరులో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ఇది. రెండోది రాజమోహన్ గారికి రాశాను, అంటించలేదు. ముందు ఇది పూర్తిగా చదువు.

పటాన్ని తిప్పి పట్టుకున్నాం. తప్పు పటంలో లేదు, కట్టడంలోనూ లేదు. కాగితాన్ని కింది కొస పైకి వచ్చేట్టు తిప్పి, అలాగే ఊరంతా కట్టాం. అందుకే పడమటి ఎండకు పెట్టాల్సిన సన్‌షేడ్లు తూర్పుకు వచ్చాయి. ఇంజనీరు చూడటానికి ఒక్కసారే వచ్చాడు, మిట్టమధ్యాహ్నం. నీడలు లేవు, ఆయనకు తూర్పేదో పడమరేదో తెలియలేదు. కారు దిగకుండా బాగుందని చెప్పి వెళ్ళాడు.

తిప్పుదామన్నది దయాసాగర్. ముగ్గు పోయడానికి ముందు రోజు పటం తెచ్చి నా ముందు పరిచి, "అన్నా, ఇందులో శ్మశానం ఈశాన్యంలో పెట్టినారు. నీ కూలోళ్ళు ఈశాన్యంలో శ్మశానం అంటే పలుగు పట్టుకుంటారా?" అన్నాడు. నిజమే, ఈశాన్యంలో శ్మశానం పెట్టిన ఊరు బాగుపడుతుందా? అయినా చర్చిలో పెద్దవి, నీకెందుకురా వాస్తు అని అడిగాను. "నాకు లేదు, నీకు ఉండాది కదా" అన్నాడు. పటం తిప్పితే శ్మశానం నైరుతికి పోతుంది. సరే అన్నాను. ఊరిని కాపాడానని నేను లోపల పొంగిపోయాను కూడా.

మర్నాడు కొలిచి గీత గీస్తుంటే, గీత లోపల మూడు రాళ్ళు కనబడ్డాయి. అప్పుడు అర్థమైంది. అసలు పటంలో ఆ చోట నలభై ఒకటో నంబరు ఇల్లు ఉంది. బిడ్డ మీద ఇల్లు లేవకుండా, వాడు ఊరినే తిప్పేశాడు. వాడి మొహం చూశాను. తల వంచుకుని చెయిను చుడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు.

నువ్వు మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేస్తుంటే నన్ను పక్కకు లాక్కుపోయి వాడు అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "ఆ చోటు దేవుడు చూపించినాడని అనుకుంటా ఉండాది అన్నా. అనుకోనీ. ఆమెకి దేవుడి మీద మిగిలిన నమ్మకం అదొక్కటే. నువ్వు నోరు తెరిచినావంటే అది కూడా పోతాది." నా చేతిలో చెయ్యేయించుకున్నాడు. పోయే ముందు ఆస్పత్రిలో కూడా అదే అడిగాడు. అందుకే నీకు ఉత్తరాలు రాయలేదు. రాస్తే ఎక్కడ నోరు జారుతానో అని. అందుకే గరిటెలు.

రెండో కాగితంలో పటం తిప్పిన సంగతి, వాస్తు కోసం నేనే తిప్పానని రాశాను. దయాసాగర్ పేరు గానీ, బిడ్డ పేరు గానీ రాయలేదు. అది ఇస్తే నీ చోటు నీకు దక్కవచ్చు. ఇవ్వకపోతే, ఈ రెండూ పొయ్యిలో వేసి, ముసలోడికి మతి పోయిందనుకో. నీ నమ్మకం నీకు ఉంటుంది. ఏది కావాలో నువ్వే చూసుకో. వాడికిచ్చిన మాట తప్పాను. తప్పక నాకు దారి కనబడలేదు.

కామయ్య


నాలుగో సెక్టారు,
20 నవంబరు 1996

కామయ్య గారికి,

మీ కవరు అందింది. నాకు ఇక ఉత్తరాలు రాయవద్దు.

రెబెకమ్మ


ఉదయగిరి,
16 డిసెంబరు 1996

అమ్మా,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. నన్ను 'గారు' అన్నావు, అది నాకు తగినదే. మందులు వేసుకుంటున్నావా? ఆ ఒక్క మాట కార్డు మీద రాయి చాలు.

కామయ్య


నాలుగో సెక్టారు, ఇల్లు నం. 41,
ఆత్మకూరు మండలం,
21 జనవరి 1997

అన్నా,

మందులు వేసుకుంటున్నాను. చిరునామా చూశావు కదా, మళ్ళీ ఇంటికి వచ్చాను. బోర్డు పీకేశారు.

వరసగా చెబుతాను. నీ రెండో కాగితం మూడు వారాలు బైబిల్లో పెట్టుకుని తిరిగాను. చర్చిలో పాట మధ్యలో పుస్తకం మూసేశాను. పాస్టరుగారికి ఎవరి సంగతో అన్నట్టు చెప్పాను. భర్తకు ఆ తెలివి ఇచ్చింది దేవుడే కదమ్మా అన్నారు. మంచి మాటే, నాకు అక్కరకు రాలేదు. క్రిస్మసు ముందు, సమాధులకు సున్నం కొట్టే రోజున, బ్రష్షు పట్టుకుని ఆయన రాతి ముందు నిలబడితే ఒక్కసారిగా కోపం వచ్చింది. సున్నం అక్కడే పెట్టి, నేరుగా పోయి కాగితం రాజమోహన్ చేతిలో పెట్టాను.

ఆ అబ్బాయి చదివి రౌండు ఠాణా గట్టు మీద అరగంట కూర్చున్నాడు. తూర్పు సన్‌షేడ్ల సాహసం మీద పుస్తకం రాశాడట, అచ్చుకు వెళ్ళిపోయిందట. మంచినీళ్ళిచ్చాను. "తలకిందులుగా కట్టిన ప్రణాళికా నగరం ప్రపంచంలో ఇంకోటి లేదు మేడం" అన్నాడు చివరికి. మొహం వెలిగింది. హైదరాబాదులో కమిటీ రెండు రోజులు కూర్చుని తీర్మానం చేసింది: ఊరు సరిగ్గానే ఉంది, గోడకు పటమే తప్పుగా తగిలించారు. కాబట్టి పటం తిప్పి తగిలించాలి. తిప్పారు. ఇప్పుడు అక్షరాలన్నీ తలకిందులు. పంచాయితీ ఆఫీసుకు వచ్చినవాళ్ళంతా మెడ విరుచుకుని చదువుతున్నారు. అంకారావు బల్ల మీద పడుకుని, తల కిందికి వేలాడేసి, తన గేదెల కొట్టం పోస్టాఫీసు కాదని రూఢి చేసుకున్నాడు. నీ పేరు కూడా పటం కింద ఇత్తడి పలక మీద వేశారు, మేస్త్రీ కామయ్య, నగరాన్ని తిప్పినవాడు అని. అది కూడా తలకిందులుగానే ఉంది.

సమాధుల మీద మళ్ళీ ముప్పై ఒక్క కాగితాలు అంటించారు. నోటీసులు రద్దు, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని. శ్మశానంలో ఇకమీద ఖననాలు ఎప్పటిలాగే చేసుకోవచ్చు.

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళాను. ఎవరూ లేరు. ఆయన పక్కన కూర్చుని తిట్టాను. ఆయన పోయేదాకా ఇరవై ఆరేళ్ళు అన్నా! పొద్దునా సాయంత్రం దేవుడికి స్తోత్రం చెబుతుంటే, ఆ మనిషి నా పక్కనే మోకాళ్ళు వేసుకుని 'ఆమెన్' అనేవాడు. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. వానలో ఒంటరిగా పోయి పూడ్చి వచ్చినవాడు, దానికోసం ఊరిని తిప్పినవాడు, ఎండకు ఉడుకుతూ ఆ ఇంట్లోనే పడుకున్నాడు, ఆ ఎండకు నేను బొంబాయి ఇంజనీరును శపిస్తుంటే నవ్వేవాడు. ఆయన బతికుండగా చేసిన మంచిపనులకు నేను మెచ్చుకున్నదే తక్కువ. దీనికి ఒక్క మాట కూడా దక్కలేదు. దక్కకుండా చేసుకున్నది ఆయనే. అదే నా కోపం. దేవుడి మీద లేదు, ఆయన తన పని తాను చూసుకుంటాడు.

నీ మీద కూడా లేదు. ఎండలు ముదరక ముందే ఒకసారి బస్సెక్కి రా. మోకాళ్ళు నొప్పంటే మా అంకారావు బస్టాండుకు బండి పంపుతాడు.

తిట్టి తిట్టి అలిసిపోయాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆయనకూ బిడ్డకూ మధ్య చోటులో పడుకుని చూశాను. సరిపోతుంది. కాళ్ళు కాస్త ముడుచుకోవాలి, అంతే.

నీ చెల్లెలు,
రెబెకమ్మ